తగిన యుపాధ్యాయులెవరు?

ఉపాధ్యాయశిక్షణమునకు ఎవరిని పంపవలెనను ప్రసంగము మన సికింద్రాబాదు ఇండ్లలో వచ్చినపుడెల్ల "తగినవారిని" అను మాట వినవచ్చును. ఆ మాటతోనే మాకు పేచీ. ఆడపిల్లకీ చదువు తగునట. ఉదయము వంటచేసి బడికిపోయి సాయంకాలము మరల వంటకు రావచ్చును గదా! మగపిల్లవానికి తగదు, చేరినను పైతరగతులలో లెక్కలు చెప్పుటకే గాని ఓనమాలు దిద్దించుటకు కాదు. ఉర్దూ పలుకు యువతికి ఉర్దూ బడియు, లంబాడీ యువకునకు తండాలోని బడియు తగును. ఇట్లు ఎవరిచోట వారిని కూర్చుండబెట్టి, అందఱికిని స్థానమిచ్చితిమని సంతసించుచున్నాము. పంక్తులు వేఱుచేసి, అన్నమందఱికిని పెట్టితిమని చెప్పుకొన్న పూర్వులకును మనకును భేదమేమి?

2023-24లో దేశపు బడులలోని ఉపాధ్యాయులలో నూటికి 53 మంది స్త్రీలు. 1874లో వీరేశలింగంపంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినపుడు చదువుకొన్న స్త్రీయే దుర్లభము. తరువాతి తరమున, మదరాసులో బాలవితంతువైన సుబ్బలక్ష్మిగారు తనవంటివారిని చేరదీసి ఉపాధ్యాయినులుగా తీర్చుటకు జీవితము ధారపోసినారు. అంతటి శ్రమఫలమును వంటకడ్డురాని యుద్యోగమని మెచ్చుకొనుట సిగ్గుచేటు. ఒకటవ తరగతి చెప్పెదనను యువకుని, వేఱెక్కడను పని దొరకలేదా యని యడుగుటయు ఈ మెప్పునకు తోబుట్టువే. గుక్కపట్టి యేడ్చు పసిబిడ్డను ఓదార్చు మగవానిని బడిలో ఎన్నడును చూడని బాలుడు, ఓదార్చుట ఆడువారి పనియని యెవరును చెప్పకయే నేర్చుకొనును.

ఈ యూరు ఒక్కజాతివారు కట్టినది కాదు. 1862లో ఇచట వెలసి, పిదప మహబూబు కళాశాలయైన బడిని స్థాపించినవారు సోమసుందర మొదలియారుగారు. 1918లో చిలకలగూడలో దళితకుటుంబమున జన్మించిన ఈశ్వరీబాయిగారు, భర్త గతించిన పిమ్మట పుట్టినూరికి వచ్చి పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయినియై, తరువాత గీతావిద్యాలయమును నెలకొల్పిరి. 1967లోను 1972లోను ఎల్లారెడ్డి నుండి శాసనసభకెన్నికైరి. ఆమె శాసనసభలో చేసిన గర్జనలు చెప్పుకొందుము. పలకబట్టించిన సంగతి మఱతుము. నాయకురాలిని అంగీకరించుట మనకు సుకరము, బిడ్డకు గురువుగా అంగీకరించుటయే కష్టము కాబోలు.

యోగ్యత తగ్గునని కొందఱు మిత్రులందురు. ఉపాధ్యాయార్హతపరీక్షలో సామాన్యులకు నూటికి 60, వెనుకబడిన తరగతులకు 50, షెడ్యూల్డు కులములకును తెగలకును 40 ఉత్తీర్ణాంకములు గదా యని లెక్క చూపుదురు. మంచిది. ఆ 150 ప్రశ్నలలో, ఇంట లంబాడీ మాటలాడి వచ్చిన బిడ్డకు తెలుగు వాచకములోని మొదటిపాఠము బోధపఱచు నేర్పును కొలుచు ప్రశ్న యేది? ఆ నేర్పు గలవాడు పాఠము చెప్పుచుండగా, విషయము విడిచి యాసను పట్టుకొని గుణములు తగ్గించు పరీక్షకులను మేమెఱుగుదుము. కోస్తావారి పలుకు యాస కాదట, అది భాషయట!

కావున మేము కోరునది కేవలము సీట్ల లెక్క కాదు. శిక్షణకాలపు బోధనాభ్యాసములో ప్రతి యువకుడును ఒకటి రెండు తరగతులలో కొన్ని వారములు చెప్పవలెను. ఉర్దూ మాధ్యమపు అభ్యర్థి తెలుగు బడిలోను, తెలుగు అభ్యర్థి ఉర్దూ బడిలోను కొంతకాలము గడపవలెను. తడబడినచో తడబడనిండు, పిల్లలే దిద్దుదురు. యాసకు గుణములు కోయు పద్ధతి పోవలెను. ఇక బిడ్డను బడిలో చేర్చునాడు పంతులమ్మ యింటిపేరడిగి కులమూహించు తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుడు బదులీయనక్కఱలేదు.