ఆజ్ఞను మీరిన వృద్ధుడు

యుద్ధమును చిత్రించు చలనచిత్రమున ఫిరంగులెన్ని మ్రోగినవి, గుఱ్ఱములెన్ని కూలినవి అను లెక్కను ప్రేక్షకుడు ఇల్లు చేరులోపలనే మరచిపోవును. ఆజ్ఞకును అంతరాత్మకును నడుమ చిక్కుకొన్న ఒక సైనికుని ముఖము మాత్రము వానిని ఏండ్ల తరబడి వెంటాడును. ఈ నమ్మకముతోనే, మా సాలూరునకు పది క్రోసుల దూరమైనను లేని బొబ్బిలిలో జరిగిన యుద్ధమును గూర్చి మన చిత్రసీమ ఇంతవఱకు చెప్పినది సగము కథ మాత్రమేయని, చెప్పక విడిచిన సగమే మిక్కిలి గొప్పదని వ్రాయ సాహసించుచున్నాను.

కథ మన ప్రాంతమున ఎరుగనివారు లేరు. వాగుల నీటి కొఱకును పొలిమేరల కొఱకును విజయనగర, బొబ్బిలి సంస్థానముల నడుమ రగులుచున్న వైరమును విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ చెవిని వేయగా, బొబ్బిలిని విడిచి వేరొకచోట భూములను పుచ్చుకొమ్మని బుస్సీ వర్తమానమంపెను. తాతతండ్రుల నాటి నేలను విడుచుట అవమానమని బొబ్బిలి ప్రభువు రంగారాయడు నిరాకరించెను. 1757 జనవరి 24వ తేదీ తెల్లవారునప్పటికి ఫిరంగులు కోట బురుజులవైపు తిరిగినవి. ఇంతవఱకు మన కథకులును నాటకకర్తలును వివరముగనే చెప్పినారు. సి. సీతారామ్ దర్శకత్వమున 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం'లో రంగారాయడుగా ఎన్.టి. రామారావును, బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావును చూచినవారు నేటికిని మరువలేరు. 1986లో దాసరి నారాయణరావు కృష్ణంరాజుతో 'తాండ్ర పాపారాయుడు' తీసినారు. ఈ రెండింటికిని సంగీతము కూర్చినవారు మన సాలూరి రాజేశ్వరరావుగారే యనుట ఆయన పుట్టిన శివరామపురమునకును సాలూరునకును ఎంత గర్వకారణమో వేరుగ చెప్పనక్కరలేదు. రెండు చిత్రములును పరాక్రమమునకు పట్టము కట్టినవి. అది తప్పని నేననను, చాలదందును.

ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ 1778లో ప్రకటించిన గ్రంథభాగమున ఈ యుద్ధవృత్తాంతము కలదు. ఇక గెలుపు లేదని తేలిన పిమ్మట, స్త్రీలును శిశువులును శత్రువుల చేత పడరాదని రంగారాయడు తన వీరులకు ఆజ్ఞ యిచ్చెననియు, వారు ఇండ్లకు నిప్పంటించి తమ భార్యాబిడ్డలను తమ చేతులతోనే చంపుకొని మరల గోడలపైకి వచ్చి పోరి మడసిరనియు అతడు వ్రాసినాడు. కోటలోనికి చొచ్చిన ఫ్రెంచి సైనికులకు గెలిచిన సంతోషము నిలువలేదట. కాలుచున్న ఇండ్ల నడుమ పడియున్న దేహములను చూచి ఒకరి ముఖమొకరు చూచుకొని మాటలేక నిలిచిరనియు, వారిలో మిక్కిలి క్రూరుడైనను కన్నీరాపుకొనలేకపోయెననియు ఓర్మ్ చెప్పుచున్నాడు. అతడు ఆంగ్లేయుడు, ఫ్రెంచివారి ప్రత్యర్థి జాతివాడు. వారి కన్నీటిని కల్పించి పొగడవలసిన అవసరము అతనికి లేదు.

అప్పుడు దూరమునుండి ఒక వృద్ధుడు ఒక బాలుని చేయి పట్టుకొని నడచివచ్చెను. లా అను ఫ్రెంచి అధికారికి ఆ బాలుని అప్పగించి, ఇతడు రంగారాయని కుమారుడనియు, తండ్రి సంకల్పమునకు విరుద్ధముగ తాను వీనిని కాపాడితిననియు చెప్పెను. లా ఆ బాలుని బుస్సీ కడకు చేర్చగా, బుస్సీ, తండ్రికి ఇవ్వజూపిన భూములకు ఆ బిడ్డనే అధికారిని చేయుచు పత్రములు వ్రాయించి, పగవారి చేత పడకుండ శిబిరమున కావలి యుంచెను.

ఆ వృద్ధుని పేరు ఓర్మ్ వ్రాయలేదు. జీవితమంతయు ప్రభువు మాట జవదాటని సేవకుడు ఆ ఒక్క పగటిలో ఎట్లు జవదాటగలిగెను? తోటివారు కత్తులతో ఇండ్లలోనికి పోవుచుండగా బాలుని ఎచ్చట దాచెను, ఏడువకుండ ఏమి చెప్పి ఊరడించెను? అతనికిని మనుమలుండిరేమో, వారేమైరి? ప్రభువునకు ద్రోహినైతినను చింతయు, ఒక ప్రాణమును నిలిపితినను ఊరటయు ఒక్క ఎడదలో ఎట్లు ఇమిడినవి? రెండున్నర గంటల చిత్రమునకు ఇంతకంటె వస్తువేమి కావలెను? నేను బాల్యమున విన్న కథలలో పాపారాయని కత్తి మెఱసిన ఘట్టమునకు జముకు వాద్యముల దరువు మిన్నుముట్టెడిది; ఈ వృద్ధుని ముచ్చట ఒక్క వచనములో ముగిసెడిది.

పాపారాయని చర్యలోను దర్శకుడు తొంగిచూడదగిన లోతు కలదు. మూడవనాటి రాత్రి అతడు శత్రు శిబిరమున చొచ్చి, గుడారమున పరుండియున్న విజయరామరాజును పొడిచి, అక్కడనే ప్రాణములు విడిచెనని మనవారు కీర్తింతురు. నిద్రించువారిని చంపిన అశ్వత్థామను సౌప్తికపర్వము చదివినవారెవ్వరును మెచ్చరు. అట్టిదే కార్యమును పాపారాయని యందు శౌర్యమని మెచ్చుచున్నాము. పాపారాయని దూషించుట నా యుద్దేశము కాదు. దగ్ధమైన కోటను చూచి వచ్చినవాని దుఃఖము అంతటిది. కాని గుడారపు తెర తొలగించిన క్షణమున ఆ చేయి ఒక్కసారి ఆగెనేమో యని చూపు చిత్రము వానిని తక్కువ చేయదు, మనిషిని చేయును.

ఇట్టి చిత్రమును తెలుగువారు ఆదరింపరనువారికి 'కంచె' సమాధానము. జాగర్లమూడి క్రిష్ 2015లో తీసిన ఆ చిత్రమున, కులము గోడ చేత వేరుపడిన ఇద్దరు తెలుగువారు రెండవ ప్రపంచయుద్ధములో ఒకే సైన్యమున నిలుతురు. తప్పించుకొని పోవుటయా, నాజీల వాత పడనున్న నిరపరాధుల కొఱకు ఆగుటయా యను ప్రశ్న వారిని వేధించును. ఉత్తమ తెలుగు చిత్రముగ దానికి జాతీయ పురస్కారము లభించినది. అయితే ఆ ప్రశ్న కొఱకు దర్శకుడు సముద్రములు దాటి యూరపునకు పోవలసివచ్చెను. బొబ్బిలి కోటలోనే అది రెండున్నర శతాబ్దులుగ ఎదురుచూచుచున్నది.

బొబ్బిలి యుద్ధమునకు సరిగా ఇన్నూరేండ్ల పిమ్మట, 1957లో, అమెరికా దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' తీసినాడు. అసాధ్యమైన దాడికి ఆజ్ఞయిచ్చిన ఫ్రెంచి సేనాధిపతి, అది విఫలము కాగానే పిరికితనమను నేరము మోపి ముగ్గురు సైనికులను కాల్పించుట అందలి కథ. ఫ్రాన్సు దానిని సహింపలేకపోయినది. అచ్చట 1975 వఱకు అది ప్రదర్శింపబడలేదు. వియత్నాములోని మీలైలో 1968 మార్చి 16న తన సైన్యమే పల్లెవాసులను చంపుచుండగా హెలికాప్టరు దింపి అడ్డు నిలిచిన హ్యూ థాంప్సన్‌కు సైనిక పతకమిచ్చుటకు అమెరికాకు ముప్పది యేండ్లు పట్టినది. సాటి సైనికులకు ఎదురు నిలిచినవానిని గౌరవించుటకు ఏ దేశమునకైనను కాలము పట్టును గాబోలు.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి సైన్యమున చేరిన యువకులెందరో కలరు. వారి తల్లులు చూచు యుద్ధచిత్రములలో కుమారుని మనస్సు పడు బాధ యెన్నడును కనబడదు. తుపాకి మాత్రము కనబడును.

ఆ వృద్ధుని కథను చూపు చిత్రము రంగారాయని కీర్తికి కళంకమని కొందరు అభ్యంతరము చెప్పవచ్చును. కాని ఆ వృద్ధుడు కాపాడిన బాలుడే, చిన్న రంగారావు, పెద్దవాడై అనేక కష్టములకోర్చి మరల బొబ్బిలికి జమీందారైనాడు. రంగారాయని తలచుకొనుటకు బొబ్బిలిలో అతని వంశము మిగిలినదన్న, అది అతని ఆజ్ఞను పాటింపని ఒక ముసలివాని వలననే మిగిలినది.