విత్తనం మిగలకపోతే కేసు పోదు

సంపాదకులకు,

నకిలీ విత్తనాలపై మీరు వేసిన వ్యాసంలో, పరీక్షకు పంపేందుకు గింజలు మిగుల్చుకోని రైతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా లాభం లేదన్నారు. ఇది తప్పు. ఈ మాట నమ్మి నష్టపోయిన రైతు ఇంట్లోనే కూర్చుంటాడు.

నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లోనే ఈ వాదనను కొట్టేసింది. అది మన ఉమ్మడి రాష్ట్ర రైతులు వేసిన కేసే. కొన్న విత్తనమంతా రైతు విత్తుకుంటాడు, పరీక్ష కోసం దాచిపెడతాడా? పరీక్ష కావాలంటే కంపెనీయే అడగాల్సిందని కోర్టు తేల్చింది.

అసలు కేసు పోయేది వేరేచోట. పూత రాలేదని కడుపు మండి చేను దున్నేస్తాం. అంతకుముందే పత్తికైతే వ్యవసాయాధికారికి, మిరపకైతే ఉద్యాన అధికారికి దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. వాళ్లు పొలం చూసి రాసిన నివేదికే బలమైన సాక్ష్యం. మా నర్సంపేట వైపు ఖాళీ ప్యాకెట్లు గట్టు మీదే పారేస్తారు. వాటిని దాచుకోవాలి; వాటి మీది లాట్ నంబరు, బిల్లులోని నంబరు కలవాలి. మిషన్ బిల్లు అక్షరాలు ఎండకు చెరిగిపోతాయి, కొన్ననాడే జిరాక్స్ తీయించాలి.

వకీలు తప్పనిసరి అన్నదీ సరికాదు. సొంతంగా వాదించుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రైతు తానుండే జిల్లాలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

వానాకాలం విత్తనాల కొనుగోళ్లకు ముందే ఈ సవరణ అచ్చువేయండి.

— ఒక మిరప రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా