సంతకానికి ముందు సాటి మనిషి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారు చుట్టాలతో ఎక్కువగా చెప్పే మాట ‘గాల్‌బ్లాడర్‌లో రాళ్లు’. అది కాకపోతే హెర్నియా. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో మకాం, ఆ తర్వాత కొన్ని వారాలు జావ, మజ్జిగ. అబద్ధం అతికినట్టు సరిపోతుంది. విచిత్రమేమిటంటే, వేగంగా బరువు తగ్గినవారిలో కొందరికి నిజంగానే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. అందుకే చాలామంది డాక్టర్లు ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు దానికీ మందు రాస్తారు.

ఈ దాపరికాన్ని తప్పుపట్టలేం. ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది’ అనే లోకానికి జవాబు చెప్పే ఓపిక అందరికీ ఉండదు. కానీ దానికి చెల్లిస్తున్న మూల్యం పెద్దది. పక్క వీధిలోనే అదే ఆపరేషన్ చేయించుకుని, అవే మాత్రలు మింగుతూ, అదే అన్నం ముద్దతో కుస్తీ పడుతున్న మనిషి ఉన్నా ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ రాళ్ల కథే చెప్పుకొంటారు.

అందువల్ల మేం కోరేది ఇది. బరువు తగ్గించే ఈ బేరియాట్రిక్ సర్జరీకి అంగీకారపత్రం మీద సంతకం పెట్టే ముందు, అదే ఆపరేషన్ చేయించుకుని కనీసం రెండేళ్లు దాటిన మనిషితో రోగికి ముఖాముఖి మాట్లాడే అవకాశం ఉండాలి. ఆపరేషన్ తర్వాత రోగి సొంత జిల్లాలోనే, నెలకోసారి కలుసుకునే సాటివారి బృందం ఉండాలి. దీన్ని ఆసుపత్రుల దయకు వదిలేయకూడదు, తప్పనిసరి నిబంధన చేయాలి.

ఇది నగరాల్లోని నలుగురు సంపన్నుల సమస్య అనుకునేవారు అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) అంకెలు చూడాలి. అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న మహిళలు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. పురుషుల్లో దేశ సగటు 22.9 శాతమైతే, మన రెండు రాష్ట్రాల్లోనూ 30 శాతం దాటింది. వీరిలో అత్యధికులకు ఆపరేషన్ అవసరం లేదు. అవసరమైనవారికి మాత్రం అది ఫ్యాషన్ కాదు, చికిత్స. అదుపు తప్పిన షుగరు, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, కీళ్ల అరుగుదల ఉన్నవారిలో ఇది ఆయుష్షు పెంచుతుందని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. మా వాదన ఆపరేషన్ మీద కాదు. ఆపరేషన్‌తోనే పని అయిపోయిందనుకోవడం మీద.

ముందుగా ఒక గందరగోళం తొలగాలి. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ న్యూజెర్సీలో కన్నుమూసినప్పుడు, ఆమె చేయించుకుందని వార్తలొచ్చిన లైపోసక్షన్ గురించి మన ఇళ్లలో చాలా చర్చ జరిగింది. అదే ఏడాది చివర్లో వచ్చిన ‘సైజ్ జీరో’ సినిమా బరువు తగ్గించే కేంద్రాల మోసాలను కథావస్తువు చేసుకుంది. అప్పటి నుంచి జనం మనసులో అన్నీ ఒకే గాటన పడిపోయాయి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును పీల్చేయడం, జీర్ణవ్యవస్థ జోలికి పోదు. బేరియాట్రిక్ సర్జరీ అలా కాదు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, తీసింది మళ్లీ పెట్టలేరు. బైపాస్‌లో జీర్ణాశయాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా మార్చి, చిన్నపేగును దానికి కలుపుతారు. ఆకలి పుట్టించే హార్మోన్లు మారతాయి. విటమిన్లు, ఐరన్, కాల్షియం ఒంటికి పట్టే తీరు మారుతుంది. బీ12 లాంటివి బతికినంతకాలం విడిగా తీసుకోవాలి. అంటే ఇది మూడు రోజుల చికిత్స కాదు, మూడు దశాబ్దాల కాపురం.

కాపురానికి ముందు పెళ్లిచూపులైనా ఉంటాయి. ఇక్కడ ఉన్నది హోర్డింగు. ఎడమవైపు పాత ఫొటో, కుడివైపు కొత్త ఫొటో, మధ్యలో తగ్గిన కిలోల లెక్క. ఆ కుడివైపు ఫొటో ఎన్నో నెలలో తీసిందో ఎవరూ రాయరు. స్లీవ్ అయినా బైపాస్ అయినా మొదటి ఏడాది, ఏడాదిన్నరలో బరువు ఎలాగూ దిగుతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. సమీరా కోహ్లి కేసులో 2008లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముప్పు తగినంతగా తెలిశాక ఇచ్చిందే అంగీకారం. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నర్సు తెచ్చి ఇచ్చిన కాగితాల కట్టలో పదకొండోచోట పెట్టిన సంతకాన్ని ఏ లెక్కన అంగీకారం అనాలి? 2024లో చెన్నైలో ఈ ఆపరేషన్‌కు వెళ్లిన ఒక యువకుడు మరణించడం, అక్కడి ప్రభుత్వం విచారణ జరపడం మనం చూశాం. అనుభవజ్ఞుల చేతిలో ప్రాణాపాయం చాలా తక్కువ, నిజమే. అయినా ఆ ‘చాలా తక్కువ’ ఎంతో, అది తన విషయంలో ఎంతో రోగికి తెలియాలి. దాన్ని సర్జన్ చెప్పాలి. మిగతాది చెప్పగలిగేది సర్జన్ కాదు.

ఆ మిగతాది ఏమిటో వంటింట్లోకి వస్తే తెలుస్తుంది. డైటీషియన్ ఇచ్చే కాగితంలో రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. ఓట్స్, బ్రకోలీ, గ్రిల్డ్ చికెన్ ఉంటాయి. ఖమ్మంలోనో కాకినాడలోనో ఉన్న ఇల్లాలికి కావలసిన కాగితం అది కాదు. మూడో నెలలో అన్నం మెతుకు సరిగా నమలకుండా మింగితే రొమ్ము మధ్యలో రాయిలా నిలబడుతుందని, నోట్లో నురగలా ఉమ్మి ఊరుతుందని, అప్పుడు నీళ్లు తాగితే ఇంకా కష్టమవుతుందని ఒకసారి ఆ అవస్థ పడ్డ మనిషి చెప్పినట్టు మరొకరు చెప్పలేరు. “అక్కా, పెసరట్టు దిగుతోంది గానీ ఇడ్లీ దిగట్లేదేంటి?” అన్న ప్రశ్నకు జవాబు ఓపీ గదిలో దొరకదు. ముందు పప్పు తేట, తర్వాత మెత్తని పప్పు, గుడ్డు, చేప, ఆ తర్వాతే అన్నం అనే వరస ఒంటబట్టాలంటే, ఆ వరసలో నడిచిన మనిషి పక్కన ఉండాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. ఆవకాయ అన్నంతో పెరిగిన నోటికి ఇది చిన్న నియమం కాదు.

ఇక పెళ్లిభోజనాల సంగతి. మన వడ్డన మర్యాదంతా కొసరడంలోనే ఉంది. ‘ఇంకొక్క ముద్ద’ అనకపోతే ఆతిథ్యం కానట్టే. ఆకులో వదిలేస్తే అవమానం. చేతిలో పెట్టిన జిలేబీ కాదనలేక తింటే, బైపాస్ చేయించుకున్నవారిలో చాలామందికి కాసేపట్లో గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు. పంక్తి మధ్యలోంచి లేచి పరుగెత్తిన మనిషికి తెలుసు ఎక్కడ కూర్చోవాలో, వడ్డించేవాడికి ముందే ఏం చెప్పాలో, అత్తగారిని ఎలా ఒప్పించాలో. ఈ జ్ఞానం ఏ వైద్య పుస్తకంలోనూ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, మనుషుల దగ్గర ఉంటే చాలు.

నాలుగో నెల ప్రాంతంలో జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. అది మామూలేనని, ప్రొటీన్, ఐరన్ సరిగా అందితే చాలామందికి మళ్లీ వస్తుందని డాక్టరు ఒక వాక్యంలో చెబుతాడు. ఆ వాక్యం నమ్మడానికి, తిరిగొచ్చిన జడను కళ్లారా చూడటానికి తేడా ఉంది. పెళ్లికాని అమ్మాయిల బాధ ఇంకొక రకం. సంబంధాల కోసమే ఆపరేషన్ దాకా తీసుకొచ్చిన తల్లిదండ్రులు, పెళ్లయిన మూడో నెల నుంచే ‘విశేషమేమైనా ఉందా’ అని అడిగే బంధువులు. ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర గర్భం వాయిదా వేయాలన్నది వైద్యుల మాట. దాచిపెట్టిన ఆపరేషన్ ఉన్న ఇంట్లో ఆ మాట ఎలా చెప్పాలి? ఇలాంటి ప్రశ్నకు తోటి స్త్రీ తప్ప దారి చూపేవారు లేరు.

రెండో ఏడాది దాటాక వచ్చే కష్టాలను మనం అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు. కొంత బరువు తిరిగి రావడం మామూలు. అప్పటికి ఆసుపత్రి ఫోన్లు ఆగిపోయి ఉంటాయి. రోగి సిగ్గుతో తానే వెళ్లడం మానేస్తాడు. బైపాస్ తర్వాత మద్యం త్వరగా నెత్తికెక్కుతుంది. రెండో ఏడాది నుంచి మద్యం వ్యసనం పెరుగుతున్నట్టు అమెరికా పరిశోధకులు 2012లోనే గుర్తించారు. కెనడాలోని ఒంటారియోలో ఆపరేషన్ చేయించుకున్న 8,815 మందిని ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు పరిశీలించిన అధ్యయనం 2016లో వెలువడింది. తమకు తాము హాని చేసుకుని అత్యవసర విభాగానికి వచ్చిన సందర్భాలు ఆపరేషన్ తర్వాత సుమారు 50 శాతం పెరిగాయి. అలాంటివారు నూటికి ఒకరిద్దరే, ఆపరేషనే కారణమనీ తేలలేదు. కానీ సన్నబడితే మనసు దానంతటదే కుదుటపడుతుందన్న నమ్మకాన్ని ఆ అంకె కదిలించాలి. దిగులు మింగేస్తున్నవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. అయితే అంతకు ముందే ‘నాకూ అలాగే అనిపించింది’ అనే గొంతు వినపడితే ఎంతో మేలు.

అమెరికాలో ఈ ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి సర్జన్ల సంఘాల గుర్తింపు రావాలంటే రోగుల సహాయ బృందాలు క్రమం తప్పకుండా నడపాలి. అంత దూరం పోనక్కర్లేదు. హెచ్ఐవీకి మందులిచ్చే మన ఏఆర్‌టీ కేంద్రాల్లో హెచ్ఐవీతో జీవిస్తున్నవారినే కేర్ కోఆర్డినేటర్లుగా నియమించే పద్ధతి ఉంది. మందు వేళకు వేసుకోమని డాక్టరు చెబితే వినని మనిషి, అదే మందు వేసుకుంటున్నవారు చెబితే వింటాడన్నది అక్కడ సూత్రం. హైదరాబాద్‌లో మద్యం మానేసినవారు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సమావేశాలూ జరుగుతున్నాయి. నెలకోసారి గుండ్రంగా కూర్చుని కష్టసుఖాలు, అప్పులు, లెక్కలు మాట్లాడుకోవడం డ్వాక్రా మహిళలకు నేర్పినవారెవరు? ఆ అలవాటు ఈ నేలకు కొత్త కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. ‘నేను మాత్రలు మానేశాను, నాకేం కాలేదు’ అనే మనిషి ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు, వాడి మాట పదిమందికి ప్రమాదం. అందుకే సమావేశంలో ఒక డైటీషియన్ లేదా నర్సు కూర్చోవాలి. మాట్లాడేది రోగులు, తప్పు దిద్దేది ఆ డైటీషియనో నర్సో. బృందాలకు వెళ్లేవారు ఎక్కువ బరువు తగ్గుతారని కొన్ని పరిశోధనలు చెబుతున్నా, పట్టుదల ఉన్నవారే వెళతారేమో అన్న సందేహం న్యాయమైనదే. మేం కిలోల కోసం దీన్ని కోరడం లేదు. కిలోల లెక్కే కావాలంటే హోర్డింగులు ఉన్నాయి.

మరో పెద్ద ప్రమాదం ఆసుపత్రుల మార్కెటింగ్ విభాగం. ఆ విభాగం నడిపే వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు చేసినవారిని తొలగించడానికి అర నిమిషం చాలు. ముందుగా కలిపించే ‘పాత పేషెంటు’ కూడా రాయితీ పొందినవాడైతే ఆ ముఖాముఖికి అర్థం లేదు. కాబట్టి ఎవరిని కలవాలన్నది ఆసుపత్రి ఎంపిక చేయకూడదు. ఇష్టపడి ముందుకొచ్చిన పాత రోగుల జాబితా జిల్లా స్థాయిలో ఉండాలి. అందులో మళ్లీ బరువు పెరిగినవారు, రెండోసారి ఆపరేషన్ అవసరమైనవారు కూడా ఉండాలి. పేరు బయటపెట్టాలా వద్దా అన్నది వారి ఇష్టం.

స్థానికంగానే ఎందుకంటే, మన రోగులు శ్రీకాకుళం నుంచి విశాఖకు, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు వచ్చి ఆపరేషన్ చేయించుకుంటారు. మొదటి మూడు నెలలు వస్తారు. ఆ తర్వాత రానుపోను చార్జీలు, ఒకరోజు కూలీ లేదా సెలవు, తోడుగా ఇంకొకరు. ఆరో నెలకు రాకపోకలు ఆగిపోతాయి. నెలకోసారి రెండు గంటలకు కార్పొరేట్ ఆసుపత్రి ఆడిటోరియం అక్కర్లేదు. అసంక్రమిత వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఎన్‌సీడీ క్లినిక్కులు ఉన్నాయి. నెలలో ఒక ఆదివారం ఆ గది, పది కుర్చీలు, ఒక తూకం యంత్రం ఇస్తే చాలు. ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఈ ఆపరేషన్లు జరిగాయి. ప్రభుత్వం ముందు తన ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ప్రైవేటు ఆసుపత్రుల మీద నిబంధన పెట్టడానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. తెలంగాణలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల నమోదు చట్టం ఉన్నాయి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమయంలో రెండే ప్రశ్నలు అడగాలి: ఆపరేషన్‌కు ముందు ఎంతమందికి పాత రోగులను కలిపించారు? రెండేళ్ల తర్వాత ఎంతమంది మీ దగ్గరకు వస్తున్నారు? రెండో అంకెను గోడ మీద రాయించాలి, ఫొటోల పక్కనే.

బీమా సంస్థల బాధ్యతా ఉంది. బీఎంఐ 40 లేదా అంతకు మించినవారికి, తీవ్ర అనుబంధ జబ్బులుంటే 35 నుంచీ, తక్కిన మార్గాలు విఫలమయ్యాక ఈ ఆపరేషన్‌కు బీమా వర్తించేలా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రమాణాలు ఖరారు చేసింది. మంచి పని. కానీ ఆసుపత్రి నుంచి వెళ్లాక అయ్యే ఖర్చును పాలసీలు సాధారణంగా కొన్ని నెలల వరకే భరిస్తాయి. బీ12 మాత్రం జీవితాంతం. లక్షలు పోసి చేయించిన ఆపరేషన్ ఏటా కొన్ని రక్తపరీక్షలు లేక చెడిపోతే నష్టం సంస్థలకే. ఐఆర్‌డీఏఐ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, మాట వినపడటానికి దూరం ఎక్కువ కాదు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా మార్కెట్లోకి వచ్చాయి, ఇక ఆపరేషన్లెందుకు అనేవారున్నారు. అది వైద్యులు తేల్చవలసిన విషయం. సూది అయినా కత్తి అయినా, రాత్రి పదింటికి వంటింట్లో ఒంటరిగా నిలబడేది మనిషే.

చివరగా, ఈ ఆపరేషన్ చేయించుకుని రెండేళ్లు దాటిన పాఠకులకు ఒక మనవి. మీరు చుట్టాలతో చెప్పిన రాళ్ల కథ అలాగే ఉండనివ్వండి, దాన్ని మార్చమని మేం అడగం. మీ జిల్లా ఆసుపత్రి ఎన్‌సీడీ క్లినిక్‌లో డాక్టరును ఒకసారి కలిసి, ‘ఇలాంటి ఆపరేషన్ గురించి ఎవరైనా అడిగితే నాతో మాట్లాడమనండి’ అని చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి రండి.