పాత బోల్టుకు పరీక్ష

తాతల నాటి మా జీపు నాలుగేండ్లుగా కొట్టంలో కోళ్లకు కొలువైంది. ఈ వేసవి సెలవుల్లో బాపూ నేనూ దాన్ని విప్పాం. బోల్టులన్నీ డీజిల్ డబ్బాలో నానబెట్టాం. "కడిగితే కొత్తయే గదరా, పైసలెందుకు దండుగ?" అన్నాడు బాపు. సేద్యగాని మాట అది. పారేయడం మనకు చేతగాదు.

నేను ఒప్పుకోలేదు. వైరు బ్రష్షుతో తోమితే తుప్పు పోతుంది గాని, తుప్పు తిన్న ఇనుము తిరిగి రాదు గదా! మిత్రులారా, హుక్ సూత్రం మనం పరీక్షల కోసం వల్లించిందే. బిగించిన బోల్టు సాగదీసిన స్ప్రింగు వంటిది. తల మీద 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల లాగుడుకు ఓర్చుకుంటుందని అర్థం. అందులో 80 శాతం దాటితే సాగి, అట్లే ఉండిపోతుంది. అటువంటి బోల్టు ఎంత తళతళలాడినా పట్టు ఉండదు.

అలాగని అన్నీ పారేయాలా? అక్కర్లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్‌రాయిస్ ఉంది. చూసి మెచ్చుకునే బండికి పాత బోల్టే అందం. మా జీపు మాత్రం జనగామ మార్కెట్‌కు వడ్ల బస్తాలతో పాటు మనుషుల్నీ మోయాలి.

చివరికి ఇద్దరం ఒక మాట మీదికొచ్చాం. మడ్‌గార్డు, సీటు, బానెట్టు బోల్టులు కడిగి, నూనె రాసి, మళ్లీ వాడాం. స్టీరింగుకు, బ్రేకులకు, కమాను కట్టలకు మాత్రం అదే అంకె చూసి కొత్తవి తెచ్చాం.

పొదుపు మంచిదే. కాని ఎవరి ప్రాణం మీద పొదుపు చేస్తున్నామో చూసుకోవాలి. ఆ జీపులో ముందు సీటు మా అమ్మది.