తెర నల్లబడిందా? ఫార్మాట్‌కు తొందరొద్దు!

తెల్లారితే ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. హాస్టల్ గదిలో ఓ ఇంజినీరింగ్ విద్యార్థిని రాత్రి తొమ్మిదింటికి లాప్‌టాప్ ఆన్ చేసింది. లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మళ్లీ నొక్కినా అంతే. ఇంటికి ఫోన్ చేస్తే, నాన్న వీధి చివరి షాపులో కనుక్కుని చెప్పాడు... 'ఫార్మాట్ కొట్టాల్సిందేనటమ్మా!' నాలుగు నెలల కష్టం అందులోనే ఉంది. ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. తెర వేరు, ఫైళ్లుండే డిస్కు వేరు. ఇంట్లో టీవీ చెడిపోతే ప్రసారాలు ఆగిపోవు కదా! లోపం ఎక్కడుందో తేలకముందే ఫార్మాట్ చేయిస్తే తెర బాగుపడుతుందన్న నమ్మకం లేదు కానీ, ఫైళ్లు పోవడం మాత్రం ఖాయం.

అందుకే ముందుగా గమనించాల్సింది ఒక్కటే. తెర ఎప్పుడు నల్లబడింది? కంపెనీ లోగో రాకముందా, వచ్చాకా?

లోగో కూడా రాకపోతే...

క్యాప్స్‌లాక్ మీటకు లైటు ఉంటే నొక్కి చూడాలి. నొక్కినప్పుడల్లా అది వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపల యంత్రం పనిచేస్తున్నట్టే. తర్వాత గదిలో లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని తెర మీద ఏటవాలుగా వేయాలి. బొమ్మ లీలగా కనిపిస్తే పోయింది తెర వెనకుండే బ్యాక్‌లైట్ మాత్రమే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపడం ఇంకా మంచి పరీక్ష. కలిపాక కాసేపు ఆగినా ఏమీ రాకపోతే విండోస్ మీటతోపాటు 'పి' నొక్కి చూడాలి. టీవీలో బొమ్మ వచ్చిందంటే లోపం తెరలోనో, దానికి వెళ్లే కేబుల్లోనో ఉన్నట్టు. రిపేరు సంగతి తర్వాత, ముందు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి.

టీవీలోనూ ఏమీ రాలేదా? ఛార్జర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేయాలి. బ్యాటరీ బయటికి తీసే రకమైతే అదీ తీయాలి. పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే సర్క్యూట్లో మిగిలిన ఛార్జి పోతుంది. ఆ తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయాలి. చాలాసార్లు ఇంతమాత్రానికే లేచి కూర్చుంటుంది. అలా కాక 'బీప్' శబ్దాలు వస్తుంటే ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి రాసుకోవాలి. వాటి అర్థం కంపెనీని బట్టి మారుతుంది. ర్యామ్ కదిలినా, చెడినా ఇలా మోగొచ్చు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఏ ప్రయోగమూ చేయకుండా మెకానిక్‌కు చూపించాలి.

లోగో వచ్చాక నల్లబడితే...

అప్పుడు అనుమానించాల్సింది విండోస్‌ను, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, 'బి' మీటలు నాలుగూ ఒకేసారి నొక్కితే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. విండోస్ 10, 11లలో ఈ సదుపాయం ఉంది. మౌస్ బాణం ఒక్కటే కనిపిస్తుంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, కొత్త టాస్క్‌గా ఎక్స్‌ప్లోరర్‌ను నడపాలి. అదీ కుదరకపోతే లోగో రాగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే రిపేర్ పేజీ చూపిస్తుంది. అక్కడి నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, కొత్తగా వచ్చిన డ్రైవర్‌ను తొలగించవచ్చు.

షాపుకు వెళ్లక తప్పకపోతే 'ముందు డేటా తీసి పెట్టండి, తర్వాతే మిగతాది' అని గట్టిగా చెప్పాలి. డిస్కు విడిగా ఉండే మోడళ్లలో దాన్ని తీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు తీసుకోవచ్చు. బోర్డుకే అతికించిన రకమైతే అలా కుదరదు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. చాలామందికి అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. లాప్‌టాప్ బాగున్నప్పుడే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఇంతకీ ఆ అమ్మాయి ఏం చేసింది? పక్కగది సీనియర్ 'కంగారు పడకే, టీవీకి పెట్టి చూద్దాం పద' అంటూ హాస్టల్ హాల్లోకి లాక్కెళ్లింది. కేబుల్ తగిలించగానే రిపోర్టు పెద్ద తెర మీద ప్రత్యక్షం! పొద్దున్నే కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ప్రింటు తీసుకుని పదింటికల్లా ఇచ్చేసింది. లాప్‌టాప్ తెర ఇంకా నల్లగానే ఉంది. దాని సంగతి సెలవుల్లో చూసుకోవచ్చు.

ఆ రాత్రి హాల్లో టీవీ లేకపోతే? అందుకే ముఖ్యమైన ఫైలు ఏదైనా సరే, రెండోచోట కూడా ఉండాలి. ఆ కాపీ చేసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలే!