బ్రెగ్జిట్ ఎఫెక్ట్: లారీల క్యూలు.. కెంట్ వాసుల్లో టెన్షన్

బ్రెగ్జిట్ గడువు ముగిసింది. 2021 జనవరి 1 నుంచి యూరప్ వెళ్లే సరుకుకు కస్టమ్స్ పత్రాలు తప్పనిసరి. దీంతో ఇంగ్లండ్‌లోని కెంట్ వాసుల్లో గుబులు మొదలైంది. రద్దీ రోజుల్లో డోవర్ పోర్టు మీదుగా 10 వేల దాకా లారీలు తిరుగుతాయి. ఒక్కో లారీకి కొన్ని నిమిషాలు ఎక్కువ పట్టినా ఎం20 హైవే నిండిపోతుంది. 2020 డిసెంబర్‌లో ఫ్రాన్స్ 48 గంటలు సరిహద్దు మూస్తేనే వేల లారీలు ఇరుక్కుపోయాయి!

2021 మొదట్లో పర్మిట్ లేకుండా యూరప్ వైపు వెళ్లే 7.5 టన్నులు దాటిన లారీలకు 300 పౌండ్ల ఫైన్ ఉండేది. యాష్‌ఫర్డ్ దగ్గర సెవింగ్టన్‌లో లారీల తనిఖీ కేంద్రం తెచ్చారు. దానికి మామూలు ప్లానింగ్ అనుమతి లేదు, ప్రత్యేక ఉత్తర్వుతోనే పని కానిచ్చారు. అసలు బాధ ఇదే. చెకింగ్ దేశమంతటి కోసం.. పొగ, ట్రాఫిక్ మాత్రం ఒక్క కెంట్‌కే. రోడ్డు ఆగితే అంబులెన్స్ కూడా ఆగాల్సిందే కదా?