చాటుబాణమూ, కవచధారుల నీతీ

"చాటునుంచి బాణం వేసేవాడు వీరుడెట్లా అవుతాడయ్యా?" అని అడిగారు మా కళాశాలలోని ఒక పెద్ద అధ్యాపకులు. ప్రశ్న వాలివధ గురించి అనుకున్నాను. తీరా చూస్తే ఆయన మనసులో ఉన్నది హాస్టలు గదిలో ఒక డిగ్రీ విద్యార్థి లాప్‌టాప్ మీద ఆడుతున్న ఆట.

ఆట పేరు స్కైరిమ్. అమెరికాలోని బెథెస్డా సంస్థ 2011 నవంబరులో విడుదల చేసింది. మంచుకొండలూ, డ్రాగన్లూ, మంత్రతంత్రాలూ ఉన్న ఒక కల్పిత రాజ్యం అది. అందులో ఎవరి పాత్రను వారే తీర్చిదిద్దుకుంటారు. ఇనుప కవచం తొడిగి కత్తి పట్టవచ్చు, మంత్రగాడూ కావచ్చు. ఎక్కడ మొదలుపెట్టినవాడైనా చివరికి చీకట్లో నక్కే విలుకాడుగా తేలుతాడన్నది ఆటగాళ్ళ మధ్య బాగా నలిగిన హాస్యం. మా విద్యార్థి మరొక అడుగు వేసి, తన విలుకాడికి కవచమే లేకుండా చేశాడు. ఎందుకని అడిగితే, "కవచమేస్తే సప్పుడైతది సార్" అన్నాడు. నిజమే. అక్కడ బరువైన కవచం అలికిడి చేస్తుంది. శత్రువు కంటపడకుండా వేసిన బాణానికి దెబ్బ రెట్టింపు. నైపుణ్యం పెంచుకుంటే మూడింతలు. కంటపడ్డాడా, ఒంటిమీద గుడ్డ తప్ప ఏమీ లేనివాడు నాలుగు దెబ్బలకు కూలిపోతాడు.

ఈ విలుకాడిమీద మా అధ్యాపకుల గదిలో రెండు తీర్పులు వెలువడ్డాయి. పెద్దాయన తీర్పు: ఇది పిరికితనం, మన ఇతిహాస వీరులు ఎదురుగా నిలబడి పోరాడారు. అభ్యుదయ భావాలు గల మరొక మిత్రుని తీర్పు: ఇది శుద్ధ పలాయనం, చర్చకే అర్హం కాదు. ఇక విద్యార్థి తన ఆటకు తానే చెప్పుకున్న సమర్థన ఒకటుంది: "మనం ఒక్కరం, వాళ్ళు మస్తుమంది. గెరిల్లాల లెక్కనే సార్." ఈ మూడింటిలో ఏదీ నాకు సమ్మతం కాదు.

ముందు పెద్దాయన మాట. ఇతిహాస వీరులందరూ ఎదురుగా నిలబడ్డారా? కిష్కింధలో రాముడు చెట్ల చాటునుండే కదా వాలిని కొట్టాడు. కొనఊపిరితో వాలి నిలదీస్తే వచ్చిన సమాధానాలలో తమ్ముని భార్యను చెరబట్టిన దోషం ఒకటి. రాజులు మృగాలను చాటునుండి కూడా వేటాడతారు, నీవు వానరుడవు అన్నది మరొకటి. అంటే ఎదుటివాడిని మృగమని నిర్ణయించే అధికారం చేతిలో ఉంటే చాటుబాణానికి దోషం లేదన్న మాట! మరి ఏకలవ్యుడు? నన్నయ ఆదిపర్వంలో అతడు ఎవరినీ మోసగించలేదు. మట్టిబొమ్మను గురువుగా పెట్టుకుని నేర్చుకున్నాడు. అతడి బొటనవేలు పోయింది. కర్ణుడికి పుట్టుకతోనే కవచం ఉన్నది. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వంలో ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి దానిని దానం పట్టుకుపోయాడు. కింది కులం వాడిగా చలామణి అయిన వాడి ఒంటిమీద కవచం నిలవకూడదు, అడవివాడి చేతికి బొటనవేలు మిగలకూడదు. ఆ తరువాత ఇద్దరినీ "ఎదురుగా రా" అని పిలవాలి. ఎదురుగా రమ్మనే నీతిని రాసినవాడు కవచం తొడుక్కునే రాశాడు.

కవచమంటే ఏమిటి? ఇనుమూ, కమ్మరి శ్రమా, వాటిని కొనగల మిగులూ. ఎవరి చేతిలో భూమి ఉన్నదో వారి ఒంటిమీద కవచం ఉన్నది. మా ఊరి ఏకశిల మీద త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట కూడా రాతి కవచమే. అది లేనివాడు పొదనూ చీకటినీ ఆశ్రయించటం పిరికితనమైతే, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడిన మన్యం దళాలవారిని ఏమనాలి? అదే సెప్టెంబరులో దామనపల్లి ఘాటులో పొంచి ఉండి ఇంగ్లీషు అధికారులను కూల్చినవారిని ఏమనాలి? మా పెద్దాయన ఏటా సెప్టెంబరు 17న వేదికెక్కి తెలంగాణా సాయుధ పోరాట యోధులను వేనోళ్ళ కీర్తిస్తారు. ఆ యోధులు రజాకార్లకు కబురుపెట్టి, ముహూర్తం చూసుకుని, మైదానంలో నిలబడి పోరాడారని ఆయన భావమా?

రెండవ మిత్రునికి ఒక్క మాట. రాత్రుళ్ళకు రాత్రుళ్ళు మన విద్యార్థులు నివసిస్తున్న కథను చదవకుండానే కొట్టివేస్తే అది విమర్శ కాదు, వెలివేత. పూర్వం నవలలనూ నాటకాలనూ పండితులు ఇట్లాగే వెలివేశారు. నేను ఆ ఆట రెండు రాత్రులు ఆడాను. చాలాసార్లు చచ్చాను కూడా. ఆడాను గనుకనే, విద్యార్థి మాటను ఎందుకు ఒప్పుకోలేనో చెప్పగలను.

ఆ ఆటలో చాటు అన్నది విలుకాడి సొంత ఆస్తి. నక్కి నక్కి నడిచినకొద్దీ ఆ విద్యలో అతడి అంకె పెరుగుతుంది. ఊళ్ళున్నాయి, బాణాలు కొనుక్కోవటానికి, తెచ్చిన సొమ్ము అమ్ముకోవటానికి. బాణం తగిలిన కావలివాడు కాసేపు వెతికి, ఏమీ జరగనట్టు తన చోటికి తాను పోతాడు. ఊరిమీద పడి, "వాడికి అన్నం పెట్టింది ఎవరు?" అని అడగడు.

తెలంగాణాలో ఆ ప్రశ్నే అడిగారు. అందరికంటె ముందు దానినే అడిగారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండవ ఆంధ్ర మహాసభ జరిగింది ఈ భువనగిరిలోనే. మితవాదులు విడిపోయారు, సంఘం ఊళ్ళలోకి పోయింది. వెట్టి మీదా, బేదఖళ్ళ మీదా, లెవీ మీదా జనం కూడటం నేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి ఆ జనం చేతుల్లో ఉన్నవి కర్రలూ వడిసెలలూ. దళాలు, తుపాకులు ఆ తరువాత వచ్చాయి. అంటే గెరిల్లాకన్న ముందు చాటు తయారయింది. దానిని తయారుచేసినవాళ్ళు పశులకాపరులు, కూలీలు, కబుర్లు మోసినవాళ్ళు, దళానికి అన్నం మూటకట్టిన ఆడవాళ్ళు. వారిలో కొందరి మాటలు మనం చదువుకోవటానికి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" వెలువడేదాకా ఆగవలసి వచ్చింది.

ఆట తయారుచేసినవారికి తెలియని ఈ సంగతి పాలకులకు బాగా తెలుసు. మన్యంలో మలబారు పోలీసులనూ, అస్సాం రైఫిల్సునూ దించి గూడేలమీద ఒత్తిడి పెట్టారు; 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజు కథ ముగించారు. 1948 తరువాత గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలిన వైనం 1972 నాటి పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథంలో ఉన్నది. చాటు అన్నది ఒక్కడి నైపుణ్యమే అయితే గూడేలను తరలించవలసిన పని ఏమున్నది? ఒంటిమీద కవచం లేనివాడికి ఊరే కవచం. దానిని ఒలిచిన తరువాతనే వాడిని కొట్టగలిగారు.

ఈ మాటలన్నీ విద్యార్థికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. విని, "ఊరే దాచిపెడితే ఇగ నేనేం ఆడాలె సార్?" అన్నాడు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. తరువాత ఆలోచిస్తే, మొత్తం చిక్కు ఆ ప్రశ్నలోనే ఉన్నదనిపించింది. ఊరిని తీసివేసి తిరుగుబాటుదారుని ఒంటరిగా నిలబెడితేనే అతడు అమ్ముడుపోయే సరుకవుతాడు. ఆ సరుకు కొన్న మన పిల్లవాడు, సంఘంలో చేరకుండానే తాను గెరిల్లాననుకుంటాడు. పెద్దాయన భయపడుతున్న పిరికితనం కంటె నాకు ఈ ఒంటరితనమే ప్రమాదకరంగా కనిపిస్తున్నది.

ఆట మానమని నేననను. ఆడనివ్వండి. తెల్లవారి తరగతి గదిలో వాలి అడిగిన ప్రశ్నను, ఏకలవ్యుని బొటనవేలిని, కడవెండి వడిసెలను ఒక్కచోట పెట్టి పాఠం చెప్పవలసిన పని మాత్రం మనది. ఈ వాదంతో విభేదించే మిత్రులు ఈ పత్రికలోనే సమాధానం రాయాలి. రాసేముందు ఆ ఆటను రెండు రాత్రులు ఆడి, 1944కూ 1946కూ మధ్య ఈ ఊళ్ళలో ఏం జరిగిందో చదివి రావలసిందని మనవి.